ఓడ మల్లయ్య: తెలుగునాట కాలువ ప్రయాణ చరిత్రపై ఒక పరిశీలన

సిద్దిపేట జిల్లాలోని కుకునూరుపల్లి హైదరాబాదు నుండి కరీంనగరమునకు పోవు రాజీవ రహదారిపై నున్న గ్రామము. ఇది మెట్టనేల. చెఱువు, కుంట, బావి, వానచినుకు - తరతరములుగా ఈ నేలకు నీటి ఆధారములు ఇవియే. ఇటీవల ఈ ప్రాంతమునకు రెండు ప్రక్కలను రెండు పెద్ద జలాశయములు వెలసినవి. కొండపోచమ్మసాగరము 2020 మే 29వ తేదీనను, మల్లన్నసాగరము 2022 ఫిబ్రవరి 23వ తేదీనను ప్రారంభింపబడినవి. కుకునూరుపల్లి ప్రాంతము ఈ రెంటి నడుమ నున్నది.

గత పుష్యమాసమున ఒకనాటి ఉదయము మేము ఆ పరిసరములందు ఒక కాలువగట్టున నిలిచి, పొలమునకు పోవుచున్న ఒక వృద్ధ కృషీవలుని "తాతా, ఈ కాలువలో పడవ పోవునా?" అని యడిగితిమి. ఆయన నవ్వి, "పడువ ఏడిది సారూ? నీళ్లే మొన్న మొన్న వచ్చినయి" అనెను. కొంతసేపటికి ఆయనయే, తన యొద్ద అప్పు గొనిపోయి మరల మొగము చూపని యొకని గూర్చి చెప్పుచు, "ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య" అనెను.

ఈ రెండు మాటలును ఒక్క నోటనే వినుట మమ్ము ఆలోచింపజేసినది. పడవ నెఱుగని నేలలో పడవ సామెత యెట్లు జీవించియున్నది? సామెతను మరల చూచిన సమాధానము దానియందే కలదు. అది ఏటిని దాటించు ఓడను గూర్చినది. నీటి వెంబడి ఊరినుండి ఊరికి నడచు పడవను గూర్చినది కాదు. దాటు నావ వేఱు, నడచు నావ వేఱు. మొదటిది తెలుగుదేశమంతటను ఏటిరేవు లున్న చోటనెల్ల కలదు. రెండవది కోస్తాలోని డెల్టాలలో పందొమ్మిదవ శతాబ్ది నడుమ పెంపొంది, వంద సంవత్సరములకు కొంచె మెక్కువగా నిలిచి, మన కన్నుల యెదుటనే అంతరించినది. ఈ రెండవదాని పుట్టుకను, జీవితమును, మరణమును గూర్చి విచారించుటయే ఈ వ్యాసోద్దేశము. దీనిని చంపినది రైలు అని సామాన్యముగా చెప్పుచుందురు. ఆ మాట సగము మాత్రమే నిజమని మా అభిప్రాయము.

1. రెండు ధర్మములు గల కాలువ

1832-33 సంవత్సరములలో, అనగా నందన నామ సంవత్సరమున, గుంటూరు మండలమును మహాక్షామము పీడించినది. ధాన్యమున్న చోటినుండి లేని చోటికి చేర్చుటకు త్రోవలు లేకపోవుట నాటి ప్రాణనష్టమునకు ఒక ముఖ్యకారణము. తరువాత గోదావరీ మండలమునకు వచ్చిన ఆర్థరు కాటన్ ఈ పాఠమును మఱవలేదు. ఆయన పూనికచే ధవళేశ్వరము కడ గోదావరిపై ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. ఈ నిర్మాణమున ఆయనకు తోడ్పడిన వీణెం వీరన్న పేరును ఆ ప్రాంతమువారు నేటికిని గౌరవముతో స్మరింతురు. కృష్ణపై విజయవాడ కడ ఆనకట్ట 1852-55 సంవత్సరముల నడుమ వెలసినది.

ఈ ఆనకట్టలనుండి త్రవ్విన ప్రధానమైన కాలువలు పైరుకు నీరిచ్చుటకు మాత్రమే ఉద్దేశింపబడినవి కావు. పండిన ధాన్యమును ఒడ్డు చేర్చు మార్గములుగను అవి యేర్పడినవి. ఒకే త్రవ్వకమున పంటయు, బాటయు లభించునని కాటన్ మతము. రైలుమార్గములకంటె నౌకాయోగ్యములైన కాలువలే భారతదేశమునకు చవుకైన మేలని ఆయన తుదివఱకు వాదించెను. 1878లో బ్రిటిషు పార్లమెంటు నియమించిన సంఘము ముందును ఆ వాదమునే వినిపించెను. గోదావరీ డెల్టాలో పడవలు నడచుటకు వీలైన కాలువలు దాదాపు 500 మైళ్ళు ఉండెడివి. ధవళేశ్వరమునుండి సామర్లకోట మీదుగా కాకినాడకు ఒకటి. విజ్జేశ్వరమునుండి ఏలూరునకును, అచ్చటినుండి విజయవాడకును మఱియొకటి. ఏలూరు కడ గోదావరి నీరును కృష్ణ నీరును కలియుటచే రెండు డెల్టాలు ఒక్క జలమార్గమైనవి.

అయితే పైరు కోరునదియు, పడవ కోరునదియు ఒకటి కాదు. పైరునకు పాఱు నీరు కావలయును. పడవకు నిలుకడ నీరు కావలయును. నేల దిగుడు ననుసరించి కాలువ వేగముగా పాఱినచో ఎదురు పోవు పడవను లాగుట దుర్భరము. కావున కాలువను మిగుల తక్కువ వాలుతో నడిపి, మిగిలిన దిగుడునంతటిని అక్కడక్కడ ఒక్కొక్క చోట కూర్చిరి. అట్టి చోటులే లాకులు. లాకన రెండు జతల తలుపులు గల తొట్టి. క్రిందినుండి వచ్చిన పడవ తొట్టిలో ప్రవేశింపగానే వెనుక తలుపులు మూయుదురు. పై తలుపులలోని చిన్న కవాటముల నెత్తి పైనీటిని లోనికి విడుతురు. తొట్టి నిండిన కొలది పడవ పైకి లేచును. రెండు వైపుల నీరును సమమైనపుడు పై తలుపులు సునాయాసముగా తెఱచుకొనును. దిగు పడవకు ఇదియే విలోమముగా జరుగును. ధవళేశ్వరమునుండి సముద్రమువఱకు గల దిగుడు ఇరువది మీటర్లకు లోపే కావున కొలది లాకులతోనే ఈ కార్యము నెఱవేఱినది. ఈ సంగతి ముందు మనకు అవసరమగును.

కోస్తాలో ఇంకొక జాతి కాలువ కలదు. 1806లో మద్రాసునుండి ఎన్నూరునకు ఒక కాలువ ఆరంభమైనది. అది క్రమముగా ఉత్తరమునకు పెరిగి, 1876-78 నాటి ధాత కఱవులో కఱవు పనులుగా సాగి, నాటి మద్రాసు గవర్నరగు బకింగ్‌హాం ప్రభువు పేరిట వ్యవహారములోనికి వచ్చినది. పెదగంజాం కడ ఇది కృష్ణా డెల్టాలోని కొమ్మమూరు కాలువను కలిసికొనును. బకింగ్‌హాం కాలువ సముద్రతీరమున ఉప్పునీటితో నడచునది. పైరుతో దానికి సంబంధము లేదు. ఉప్పు, ధాన్యము, శ్రీహరికోట వంటచెఱకు దానిపై మద్రాసు చేరెడివి. కాకినాడలో పడవ నెక్కినవాడు నేలపై కాలు మోపకయే మద్రాసు చేరగల మార్గము ఇట్లు సిద్ధమైనది.

2. శీతకాలమున ఒక దినము

డెల్టా కాలువలను ఏటేట వేసవిలో మరమ్మతులకై కట్టివేయుదురు. వర్షాకాలమున గోదావరి వరదనీరు ఒండ్రుతో వేగముగా దిగును. కావున పడవ ప్రయాణమునకు ఉత్తమకాలము మార్గశిర పుష్యములు. వరద తీసియుండును; కాలువ నిండుగా, నెమ్మదిగా నుండును; సార్వా పంట కోతలై ధాన్యపు బస్తాలు రేవులకు చేరుచుండును. ఈశాన్యపు గాలి దక్షిణమునకు పోవు పడవల తెరచాపలను నింపును.

ఆ కాలమున ఒక దినపు ప్రయాణ మెట్లుండెడిదో ఊహించుట కష్టము కాదు. ప్రయాణికులకు వెదురుతోను తాటాకుతోను గూడు కట్టిన గూటిపడవ. సరకునకు పెద్ద పడవ. మంచు విడకముందే రేవు వదలుట వాడుక. కొయ్యకు కట్టిన మోకును భుజమునకు తగిలించుకొని ఇద్దరు మనుషులు గట్టుపై ముందునకు వంగి నడతురు. ఒకడు వెనుక చుక్కాని పట్టును. మఱియొకడు గెడతో పడవను ఒడ్డు తగులకుండ కాచును. గాలి అనుకూలించినపుడు తెరచాప నెత్తి లాగువారు పడవలోనికి దూకి విశ్రమింతురు. నడచువాని వేగమే పడవ వేగము. ఎదురుగా మఱియొక పడవ వచ్చినపుడు ఒకరి మోకును ఒకరు దాటించుట నేర్పుతో కూడిన పని. లాకు కడ వరుస తప్పదు. అచ్చట లాకు లస్కరు తలుపులు తెఱచువఱకు ప్రయాణికులు దిగి, చలిమంట కాచుకొని, వంట చేసికొని, వార్తలు చెప్పుకొందురు. లాకుల కడ అంగళ్ళును, పూటకూళ్ళును వెలయుటకు కారణము ఈ నిరీక్షణమే. రాత్రి పడవలోనే నిద్ర. తెల్లవాఱునప్పటికి మఱియొక ఊరి రేవు.

ఈ చిత్రమున ఇంపుతో పాటు కఠినమైన శ్రమ కలదని మఱవరాదు. గూటిలో కంబళి కప్పుకొని కూర్చున్నవానికి అది విహారము; పుష్యమాసపు మంచులో తడిగట్టుపై వట్టికాళ్ళతో మోకు లాగువానికి అది కూలి. మన సాహిత్యమున మొదటివాని అనుభవము కొంత మిగిలినది. రెండవవాని మాట మిగుల అరుదుగా వినవచ్చును.

3. దుమ్ముగూడెము: తెలంగాణమునకు రావలసిన పడవ

కాటన్ ఆలోచన డెల్టాతో ఆగలేదు. వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా బేరారు, నాగపూరు ప్రాంతముల పత్తిని పడవలపై సముద్రమునకు దింపవలెనని ఆయన సంకల్పము. ఈ మార్గమున మూడు చోట్ల రాళ్ళు, వడి గల అడ్డంకు లుండెను: మొదటిది భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము కడ, రెండవది ఇచ్చంపల్లి కడ, మూడవది ప్రాణహితపైన. ప్రతి అడ్డంకు కడను నదికి ఆనకట్ట కట్టి, ప్రక్కగా లాకులు గల కాలువను త్రవ్వి పడవలను దాటించుటయే పథకము. హెయిగ్ అను ఇంజనీరు ఈ పనులను నడిపెను. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధము వలన ఇంగ్లండు మిల్లులకు పత్తి కొఱత యేర్పడుటచే ఈ పథకమునకు కొంతకాలము గొప్ప ఆదరణ లభించినది.

ఈ జలమార్గము తెలుగుదేశపు ఎల్లలనే మార్చినది. 1860 డిసెంబరు నాటి ఒడంబడికలో నిజాము గోదావరి ఎడమ ఒడ్డున నున్న తాలూకాలను బ్రిటిషువారి కిచ్చివేసెను. ఆ నదిపై సుంకములు లేని స్వేచ్ఛానౌకాయానము ఆ ఒడంబడికలోని నిబంధనలలో నొకటి. భద్రాచలము ఇట్లు నిజాము రాజ్యమునుండి విడివడి మొదట మధ్యపరగణాలలో చేరి, 1874లో మద్రాసు రాజధానికి మారి, గోదావరి జిల్లాలో నుండి, 1959లో ఖమ్మము జిల్లాలో కలిసినది. రామాలయము గల ఆ పట్టణము ఇన్ని చేతులు మారుటకు మూలము ఒక పడవదారి యని చెప్పిన అతిశయోక్తి కాదు.

దుమ్ముగూడెము ఆనకట్టయు, లాకులకాలువయు సిద్ధమైనవి. కాని పై రెండు అడ్డంకులను దాటించు పని పూర్తికాలేదు. నదిలో నీరు సంవత్సరమున కొన్ని మాసములు మాత్రమే చాలినంత యుండుట, ఖర్చు అంచనాలను మించుట, ఇంతలో రైలు నాగపూరును చేరి పత్తిని బొంబాయికి మరలించుట - ఈ కారణములచే ప్రభుత్వము 1871లో పనులను నిలిపివేసినది. తెలంగాణమునకు లాకు వచ్చినది. నిండు పడవదారి రాలేదు.

కర్నూలు-కడప కాలువ కథయు దీనికి సమీపమైనదే. 1863లో ఆరంభమై, పంటకును పడవకును ఉద్దేశింపబడిన ఆ కాలువను ఒక ప్రైవేటు కంపెనీ త్రవ్వినది. కంపెనీ నష్టపడగా 1882లో ప్రభుత్వము దానిని కొన్నది. అది నేటికిని పంటకాలువగా జీవించియున్నది. పడవకాలువగా ఎన్నడును వృద్ధి పొందలేదు. డెల్టాను విడిచి పైకి వచ్చిన కొలది నేల వాలు పెరుగును. వాలు పెరిగిన కొలది లాకులు పెరుగును. లాకులు పెరిగిన కొలది కాలమును ధనమును పెరుగును. మెట్టనేల పడవను కాదనుటకు కారణము ఆ నేలవారి అనాదరము కాదు, నేల స్వరూపమే.

4. పడవను ఓడించినది ఎవరు?

విజయవాడ-రాజమహేంద్రవరముల నడుమ రైలుమార్గము 1893లో తెఱవబడినది. విజయవాడనుండి మద్రాసునకు రైలు 1899లో కలిసినది. గోదావరిపై హేవ్‌లాక్ వంతెన 1900లో ముగిసినది. కాకినాడనుండి మద్రాసునకు దూరప్రయాణము చేయువారు నాటినుండియే పడవను విడిచిరి. ఇంతవఱకు రైలు వాదము సరియైనదే.

కాని డెల్టాలోపలి పడవలు వెంటనే అంతరింపలేదు. రైలు స్టేషనుకు మాత్రమే పోవును. కాలువ ప్రతి ఊరి చేని ప్రక్కకు పోవును. ధాన్యము, కొబ్బరి, ఇటుక, కలప, పెండ్లివారు - వీరందఱికి కాలువ ఇంకొక అర్ధశతాబ్దికి పైగా త్రోవగనే యుండెను. రైలును తట్టుకొని నిలిచిన పడవను తుదకు ఓడించినది ఏది?

దీనికి సమాధానము మాకు కాకినాడ కాలువ గట్టున లభించినది. కుకునూరుపల్లికి పోయిన మఱుసటి వారమున మేము ఒక దినమంతయు ఆ గట్టు వెంబడి నడచితిమి. బాల్యమున తండ్రితో కలిసి మోకు లాగిన ఒక వృద్ధుడు అచ్చట మాకు కనబడెను. పడవలు ఎందుకు పోయినవని యడుగగా ఆయన, "గట్టు మీదకి బస్సొచ్చిందండి. మేం కాళ్లరిగేలా తొక్కిన దారే దానికి రోడ్డయింది" అని చెప్పెను.

ఈ మాటలోని చారిత్రక సత్యము విలువైనది. పడవ లాగుటకు గట్టు ఎత్తుగా, వెడల్పుగా, ఎడతెగకుండ, ఊరినుండి ఊరికి సాగవలెను. అట్టి గట్టు వానలకును మునుగని సిద్ధమైన బాట. దానిపై మొదట బండ్లు, తరువాత బస్సులు, లారీలు నడచినవి. రాజమహేంద్రవరమునుండి కాకినాడకు పోవు బాటను జనులు నేటికిని కెనాల్ రోడ్డనియే పిలుతురు. గట్టు బాటయైన పిదప లాగువానికి చోటు లేకపోయినది. కాలువను దాటుటకు కట్టిన వంతెనలు తక్కువ ఎత్తున నుండుటచే గూటిపడవకును తెరచాపకును దారి మూసికొనిపోయినది. రైలు పడవ యొక్క దూరమును హరించినది. గట్టు దాని ఊపిరిని హరించినది. ఏటిని దాటించిన ఓడను మఱచినట్లు, బాటను నిర్మించి యిచ్చిన పడవను బాట మఱచినది.

2008లో కేంద్రప్రభుత్వము కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలను, గోదావరీ కృష్ణానదుల కొన్ని భాగములను చేర్చి నాల్గవ జాతీయ జలమార్గముగా ప్రకటించినది. అందు కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139, కొమ్మమూరు కాలువ 113. భద్రాచలమునుండి రాజమహేంద్రవరమునకు గోదావరి 171 కిలోమీటర్లు. ఈ కాలువలను మరల పడవలకు తెఱచుటలో ముఖ్యమైన చిక్కులలో ఒకటి ఆ తక్కువ వంతెనలే యగుట గమనింపదగినది.

5. కొండ నెక్కిన నీరు

ఇప్పుడు మరల కుకునూరుపల్లికి వత్తము. కాళేశ్వరము పథకము 2019 జూన్ 21న ప్రారంభమైనపుడు దాని మొదటి మెట్టు మేడిగడ్డ. అచ్చటికి చేరు నీటిలో అధికభాగము ప్రాణహితది. 2023 అక్టోబరులో ఆ ఆనకట్ట స్తంభములు కుంగిన పిమ్మట అచ్చటినుండి ఎత్తిపోత నిలిచినది. అయినను పథకపు భావన మన విషయమునకు ముఖ్యమైనది. ఏ ప్రాణహితపై పత్తిపడవలు సముద్రమునకు దిగవలెనని కాటన్ తలచెనో, ఆ ప్రాణహిత నీటినే యంత్రములతో వెనుకకు, పైకి, మెట్టనేలకు ఎక్కించుటకు ఈ శతాబ్దివారు తలచిరి. నదిమట్టమున దాదాపు 100 మీటర్ల ఎత్తుననున్న నీరు కొండపోచమ్మసాగరమున 618 మీటర్లకు చేరవలెను.

ఒక్కొక్క లాకు మూడు మీటర్లు ఎత్తగలదనుకొనినను ఈ ఎత్తునకు ఒక పడవ ఇంచుమించు 170 లాకులను ఎక్కవలెను. నీటికైనచో సొరంగములును పంపులును చాలును. పడవ పంపులో దూరదు. కావున కుకునూరుపల్లి వృద్ధుని నవ్వునకు గట్టి ఆధారము కలదు. కాటన్ కాలువకు రెండు ధర్మములు. ఈ కాలువకు ఒక్కటియే. దీనిని లోపముగా మేము చెప్పుటలేదు. దాహము తీఱని నేలకు మొదట కావలసినది నీరే. కాలువ యను ఒక్క పదము రెండు ప్రాంతములలో రెండు వేఱు చరిత్రలను మోయుచున్నదని మాత్రమే మా విన్నపము.

6. మాటల మిగులు

పడవ పోయినను దాని మాటలు కొన్నాళ్ళు నిలుచును. వానిని పరిశీలించిన కాలువ చరిత్ర యంతయు పొరలు పొరలుగా కానవచ్చును. పడవ, ఓడ, గెడ, తెడ్డు, రేవు - ఇవి దాటు నావ నాటినుండి మనకున్నవి. నావ సంస్కృతము. చుక్కాని అరబ్బీ మూలము గలది, సరంగు పారశీకము. ఇవి రెండును సముద్రవ్యాపారపు గుర్తులు. లస్కరు పారశీక మూలము గలదైనను తెల్లదొరల కొలువు మీదుగా కాలువ గట్టున చేరినది. లాకు ఇంగ్లీషు. ఈ కడపటి మాట తెలుగువాని నోట ఎంతగా కలిసిపోయినదనగా, అది పరభాషాపదమని డెల్టావాసికి తోచనే తోచదు. లాకుల పేట, లాకుల సెంటరు అని ఊరిభాగములకే పేళ్ళు పడినవి. దాటు నావ సామెతలను ఇచ్చినది. నడచు నావ స్థలనామములను ఇచ్చినది.

ఇంగ్లండున ఏడడుగుల వెడల్పు గల లాకులలో పట్టునట్లు కట్టిన సన్నని పొడవు పడవలు పదునెనిమిదవ శతాబ్దినుండి బొగ్గును సరకును మోసినవి. రైలు, లారీ వచ్చిన పిమ్మట అవియు అంతరింపనున్న దశలో రోల్ట్ అను నాతడు తన పడవపై 1939లో బయలుదేఱి, ఆ కాలువలను, ఆ జనులను, వారి పనిని వర్ణించి 1944లో 'నారో బోట్' అను గ్రంథమును ప్రకటించెను. 1946లో కాలువల రక్షణకు ఒక సంఘమే యేర్పడినది. నేడు అచ్చట శీతకాలమున సైతము జనులు వినోదమునకై ఆ పడవలలో తిరుగుదురు. ఒక వృత్తిని గూర్చిన సమగ్రమైన వ్రాత ఆ వృత్తి స్థలములను బ్రతికింపగలదనుటకు ఇది నిదర్శనము.

తెలుగున భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ వృత్తిపదకోశమును వెలువరించి మార్గము చూపియున్నారు. కాలువ పడవల పదములకును అట్టి సేకరణము జరుగవలెను. మోకు లాగినవారు, లాకు తలుపు త్రిప్పినవారు, తెరచాప కుట్టినవారు నేడు ఎనుబదియేండ్లకు సమీపించినవారు. మాకు కనబడిన వృద్ధుడు ఒక్క గంటలో చెప్పిన మాటలలో నాలుగు మేమెన్నడును వినియుండలేదు. వాని సరియైన అర్థమును మఱియొకరి నోట విని నిర్ధారించిన తరువాతనే ప్రకటించుట న్యాయము. ఆ మఱియొకరు దొరకుటయే నానాటికి దుర్లభమగుచున్నది.

కావున డెల్టా మండలములనుండి వచ్చిన మా విద్యార్థులకు ఒక మనవి. సంక్రాంతికి ఇండ్లకు పోయినపుడు కాలువ ఇంకను నిండుగానే యుండును. మీ ఊరి లాకు కడకు పోయి, అచ్చట ఎండకు కూర్చున్న పెద్దల నడిగి, వారి మాటలను వారు పలికినట్లే వ్రాసికొని రండు. ఏటిని దాటించినవానిని బోడి మల్లయ్యగా విడుచుట లోకరీతి కావచ్చును; చరిత్రకారునికి మాత్రము అది తగదు.